కూలి, ఉత్పాదకత, విదేశ వ్యాపారము: చిక్కు ప్రశ్నలను విప్పు విధానము

మన గ్రామములలోని యువతీయువకులు నేడు అనేకములగు పోటీ పరీక్షలకు కూర్చుండుచున్నారు. 2019 సెప్టెంబరు మాసమున గ్రామ, వార్డు సచివాలయోద్యోగములకు జరిగిన పరీక్షలకు మన రాష్ట్రమున లక్షలాది అభ్యర్థులు హాజరైరి. యూనియన్ పబ్లిక్ సర్వీసు కమిషన్ వారు 2011 నుండి సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్షలో పఠనావగాహనమునకు ప్రత్యేకముగ చోటు కల్పించిరి. ఒక గద్యభాగము నిచ్చి, దానిని చదివి, దాని క్రింద గల ప్రశ్నలకు సమాధానములు గుర్తింపుమని యడుగుదురు. ఇట్టి గద్యభాగములలో వేతనములు, ఉత్పాదకత, అంతర్జాతీయ వాణిజ్యము అను విషయములు తరచుగ వచ్చుచుండును. మన పిల్లలలో పలువురు తడబడునది ఇచ్చటనే.

ఈ తడబాటునకు మూల్యము అల్పము కాదు. పైన జెప్పిన పరీక్షలోని రెండవ పత్రమున 80 ప్రశ్నలకు 200 మార్కులు. తప్పు సమాధానము వ్రాసినచో ఆ ప్రశ్నకు గల మార్కులలో మూడవ వంతు తీసివేయుదురు. 2015 నుండి ఈ పత్రమున 33 శాతము మార్కులు వచ్చిన చాలునని నిర్ణయించిరి. కాని అవి రానిచో మొదటి పత్రమున ఎంత బాగుగ వ్రాసినను ప్రయోజనము లేదు. ఒక గద్యభాగమును తప్పుగ చదివినచో ఏండ్ల తరబడి చేసిన కృషి వ్యర్థమగు ప్రమాదము గలదు.

పంచాయతీ సభ్యులకు దీనితో నేమి పనియని కొందరడుగవచ్చును. పని గలదు. పరీక్షలో వచ్చు వాదములే గ్రామసభలోను వచ్చును. “కూలి పెంచినచో మన సరకు అమ్ముడుపోదు”, “పై దేశపు సరకు చవుకగ వచ్చుట అక్కడి కూలి తక్కువ గనుకనే”, “యంత్రము వచ్చినచో పని పోవును” అను మాటలు మనము నిత్యము వినుచున్నాము. వీనిలో కొంత సత్యము, కొంత అసత్యము కలసియుండును. ఆ రెంటిని వేరుచేయ నేర్చినవారు పరీక్షలోను నెగ్గుదురు, సభలోను మోసపోరు. కావున ఈ పాఠమును మా సభ్యుల కొరకును, వారి ద్వారా వారి గ్రామములలోని విద్యార్థుల కొరకును వ్రాయుచున్నాము. ఉదాహరణములను సాధ్యమైనంతవరకు విశాఖపట్టణమునుండియే గ్రహించితిమి. రేవు, ఓడల నిర్మాణశాల, ఉక్కు కర్మాగారము మూడును ఒక్కచోటనే గల ఆ నగరముకంటె ఈ విషయమునకు తగిన పాఠశాల మనకు వేరొకటి లేదు.

మూడు మాటలు, మూడు అర్థములు

మొట్టమొదట మూడు మాటలను స్పష్టముగ తెలిసికొందము. కూలి లేక వేతనము అనగా పనివాని కొక దినమునకో నెలకో ముట్టు సొమ్ము. ఉత్పాదకత అనగా ఒక పనివాడు ఒక దినమున తయారుచేయు సరకు పరిమాణము. సరకుపై పడు కూలి ఖర్చు అనగా ఒక కిలో సరకునో ఒక టన్ను సరకునో తయారుచేయుటకు కూలి రూపమున అగు వ్యయము. దినకూలిని దినమునకు వచ్చు సరకుచే భాగించినచో ఈ మూడవది లభించును. అంగడిలో పోటీపడునది ఈ మూడవదియే గాని మొదటిది కాదు.

ఒక లెక్క చూతము. ఇది కేవలము ఊహించిన లెక్క. సముద్రతీరమున రొయ్యలను శుభ్రపరచు రెండు శాలలు గలవనుకొందము. మొదటి శాలలో దినకూలి 400 రూపాయలు. ఒక్కొక్కరు దినమునకు 20 కిలోలు శుభ్రపరతురు. రెండవ శాలలో దినకూలి 600 రూపాయలు; అక్కడ ఎత్తైన బల్లలు, మంచి కత్తులు, వేళకు అందు మంచుగడ్డ, ఎడతెగని నీరు ఉండుటచే ఒక్కొక్కరు 40 కిలోలు శుభ్రపరతురు. మొదటి శాలలో కిలోకు కూలి 20 రూపాయలు పడినది. రెండవదానిలో 15 రూపాయలే పడినది. ఎక్కువ కూలి ఇచ్చు శాలలోనే సరకు చవుక!

ఈ లెక్కలో మరియొక సంగతి గమనింపుడు. రెండవ శాలలోని పనివారు మొదటివారికంటె కష్టజీవులని మేము చెప్పలేదు. వారి చేతిలోని సాధనములు మంచివి. మంచుగడ్డ కొరకు, కరెంటు కొరకు వేచియుండు కాలము తక్కువ. ఉత్పాదకత అనగానే పనివాని చురుకుదనము అని తలచుట పరీక్షలో సామాన్యముగ జరుగు పొరపాటు. త్రోవ, వెలుతురు, నీరు, శిక్షణ, ఆరోగ్యము అన్నియు ఉత్పాదకతలో భాగములే. వీనిలో చాలవరకు పంచాయతీ చేతిలోనివే.

ఇక శాతముల సంగతి. కూలి 20 శాతము పెరిగినది, ఉత్పాదకత 25 శాతము పెరిగినది అనుకొందము. సరకుపై పడు కూలి ఖర్చు ఏమగును? 5 శాతము తగ్గునని తొందరపడి గుర్తించువారు కలరు. అట్లు తీసివేయరాదు. మునుపు కూలి 100, సరకు 100 అయినచో ఇప్పుడు కూలి 120, సరకు 125. 120ని 125చే భాగించిన 0.96 వచ్చును. అనగా ఖర్చు 4 శాతము తగ్గినది. శాతములను కూడుట, తీసివేయుట గాక, గుణించుట, భాగించుట చేయవలెను.

మరియొక మెలిక. కూలి ఖర్చు వేరు, మొత్తము ఖర్చు వేరు. ఒక కిలో సరకు తయారుచేయుటకు మొత్తము 300 రూపాయలగుచు, అందు కూలి 15 రూపాయలే అయినచో, కూలి 20 శాతము పెంచినను పెరుగునది 3 రూపాయలు. మొత్తములో అది 1 శాతము. “కూలి 20 శాతము పెరిగినందున ధర 20 శాతము పెరుగును” అను సమాధానము ప్రశ్నాపత్రమున కనబడినచో అది ఉచ్చు అని తెలియుడు.

విశాఖపట్టణము చెప్పు పాఠము

విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడినది. ఆ సంవత్సరము అక్టోబరు 7న సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ అను ఓడ రేవులో ప్రవేశించినది. నాటి మధ్యపరగణాలలోని మాంగనీసు ఖనిజమును సముద్రముమీదుగ పంపుటకు దారి కావలసియుండుట ఆ రేవు నిర్మాణమునకు ముఖ్యమైన కారణము. రాయపూరునుండి విజయనగరము వరకు వేసిన రైలుమార్గము అందులకు తోడ్పడినది.

ఓడల నిర్మాణశాలకు 1941 జూను 21న డాక్టరు రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసిరి. వాల్‌చంద్ హీరాచంద్ గారి పూనికతో లేచిన ఆ శాలలో నిర్మితమైన ‘జల ఉష’ను 1948 మార్చి 14న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గారు నీటిలోనికి విడిచిరి. స్వతంత్ర భారతమున జలప్రవేశము చేసిన మొదటి పెద్ద ఆవిరి ఓడ అదియే. 1952లో ఆ సంస్థ హిందుస్థాన్ షిప్‌యార్డు అయినది.

1960వ దశకమున బస్తరు ప్రాంతములోని బైలదిల్లా ఇనుప ఖనిజమును జపాను ఉక్కు కర్మాగారములకు పంపు ఏర్పాట్లు జరిగినవి. తూర్పు కనుమలను దొలిచి కిరండూలునుండి కొత్తవలస వరకు రైలుమార్గము వేయబడినది. రేవులో ఖనిజమును ఓడలలో నింపుటకు యంత్రములు వచ్చినవి. 1976లో వెలుపలి రేవు పనిచేయ నారంభించిన పిదప మరింత పెద్ద ఓడలు రాగలిగినవి.

ఉక్కు కర్మాగారము ఆంధ్రులు పోరాడి సంపాదించుకొన్నది. 1966లో “విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు” అను నినాదముతో జరిగిన ఉద్యమమున 32 మంది ప్రాణములర్పించిరి. 1970 ఏప్రిలు 17న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారు కర్మాగారము విశాఖలో స్థాపింపబడునని పార్లమెంటులో ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడినది. 1992 ఆగస్టు 1న ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు గారు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. అందలి కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టిరి.

ఈ కర్మాగారము మన పాఠమునకు మంచి దృష్టాంతము. దీనికి సొంత ఇనుప గని లేదు. ఖనిజమును కొనవలెను. కోక్ తయారుచేయుటకు తగిన బొగ్గులో అధికభాగము ఆస్ట్రేలియా మున్నగు దేశములనుండి ఓడలలో రావలెను. కావున విదేశములలో బొగ్గు ధర పెరిగినచో, ఇక్కడి కార్మికుని జీతము పైసా పెరగకున్నను, అతని పనితనము ఇసుమంత తగ్గకున్నను, ఉక్కు టన్నుకు పడు ఖర్చు పెరుగును. ఒక సంస్థ ఖర్చు పెరిగినదని చదివినంతనే దానికి జీతములు కారణమని తేల్చరాదు. సొంత గని యుండుట, ముడిసరకు ధర, అప్పుపై వడ్డీ, రవాణా అన్నియు విచారింపవలెను.

ఒక గద్యభాగము, మూడు ప్రశ్నలు

ఇప్పుడు పరీక్షా పద్ధతిలో ఒక గద్యభాగమును మేమే కూర్చి యిచ్చుచున్నాము. మొదట ఒకసారి నిదానముగ చదువుడు.

“విశాఖ రేవు 1933లో తెరువబడినపుడు మాంగనీసు ఖనిజము దాని ముఖ్యమైన ఎగుమతులలో నొకటి. నాడు రేవు పనిలో మనుష్యుల దేహశ్రమయే అధికము. 1960వ దశకమున బైలదిల్లా ఇనుప ఖనిజమును జపానుకు పంపుటకు రైలుమార్గము, ఓడలు నింపు యంత్రములు ఏర్పడెను. 1976లో వెలుపలి రేవు వచ్చిన పిదప అంతకుముందు రాలేని పెద్ద ఓడలు రాగలిగెను. మన దేశమున కూలి తక్కువ యగుటచేతనే మన ఖనిజము విదేశములలో అమ్ముడుపోయినదని కొందరందురు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని అదియే అసలు కారణమైనచో, రైలును యంత్రమును లేక కూలి మిక్కిలి తక్కువగ నున్న దినములలోనే ఎగుమతి మిక్కిలి ఎక్కువగ నుండవలసినది. అట్లు జరుగలేదు. సాధనములు సమకూడిన పిమ్మటనే దూరదేశములకు పెద్దయెత్తున ఖనిజమును పంపుట గిట్టుబాటయ్యెను.”

మొదటి ప్రశ్న: ఈ గద్యభాగపు ముఖ్యాభిప్రాయమేది?
అ) కూలి తక్కువ యగుటయే మన ఎగుమతులకు కారణము.
ఆ) కూలికిని ఎగుమతికిని ఏ సంబంధమును లేదు.
ఇ) ఎగుమతులు పెరుగుటలో కూలి రేటుకంటె పని సాధనములు, రవాణా ముఖ్యములు.
ఈ) యంత్రములు వచ్చుటచే కూలీలు నష్టపడిరి.

సమాధానము ‘ఇ’. ‘అ’ అనునది గద్యభాగములో నున్న మాటయే. కాని అది రచయిత మాట కాదు. “కొందరందురు” అని ఆయన ఉదాహరించిన ఇతరుల మాట. అనేకులు పడు గొయ్యి ఇదియే. “అందురు”, “తలంతురు”, “సామాన్యముగ నమ్ముదురు” అను మాటలు కనబడినప్పుడు వాని క్రింద గీత గీయుడు. తరువాత “కాని”, “అయినను”, “వాస్తవమునకు” అను మాట ఎక్కడ వచ్చునో చూడుడు. రచయిత హృదయము ఆ మాట తరువాతనే యుండును. ‘ఆ’ ఎందులకు కాదు? “కొంత సత్యము లేకపోలేదు” అని రచయిత ఒప్పుకొన్నాడు గనుక. ‘ఈ’ సత్యమైనను కావచ్చును; గద్యభాగమున దాని ప్రసక్తి లేదు.

రెండవ ప్రశ్న: దీనినుండి నిశ్చయముగ ఊహింపదగినది ఏది?
అ) 1976కు ముందు ఇనుప ఖనిజము ఎగుమతి కాలేదు.
ఆ) వెలుపలి రేవు లేనపుడు కొన్ని ఓడలు విశాఖకు రాలేకపోయెను.
ఇ) 1976 తరువాత రేవు కార్మికుల వేతనములు పెరిగెను.
ఈ) జపానులో ఇనుప ఖనిజము దొరకదు.

సమాధానము ‘ఆ’. “అంతకుముందు రాలేని పెద్ద ఓడలు” అను మాటలలోనే అది యిమిడియున్నది. ‘అ’ తప్పు, 1960వ దశకముననే ఏర్పాట్లు జరిగినవని వ్రాయబడినది. ‘ఇ’, ‘ఈ’ అనువానికి గద్యభాగమున ఆధారము లేదు. ఊహ అనగా మన తెలివితో కల్పించునది కాదు. వ్రాసినదానినుండి తప్పక వెలువడునది. బయట మనకు తెలిసిన సంగతిని లోపలికి తేరాదు. సాక్షి చెప్పినదానినిబట్టి తీర్పు చెప్పుట వంటిది యిది. పెద్దమనుష్యులుగ తగవులు తీర్చిన సభ్యులకు ఈ నియమము క్రొత్తది కాదు.

మూడవ ప్రశ్న: క్రిందివానిలో ఏది సత్యమైనచో రచయిత వాదము బలహీనపడును?
అ) రేవు కార్మికులు సంఘములుగ ఏర్పడిరి.
ఆ) ఆ కాలముననే జపానులో ఉక్కు ఉత్పత్తి మిక్కిలి పెరిగి ఖనిజమునకు గిరాకి హెచ్చినది.
ఇ) యంత్రములకు అప్పుడప్పుడు మరమ్మతులు కావలసివచ్చెను.
ఈ) పెద్ద ఓడలలో టన్నుకు రవాణా ఖర్చు తక్కువ పడును.

సమాధానము ‘ఆ’. ఎగుమతి పెరుగుటకు సాధనములు కారణమని రచయిత వాదము. అదే కాలమున కొనువాని అక్కర పెరిగియున్నచో, పెరుగుదలకు మరియొక కారణము కనబడినట్లయినది. అందుచే వాదము పూర్తిగ కూలిపోదు, బలము తగ్గును. ప్రశ్న అడిగినది అంతమాత్రమే. ‘ఈ’ రచయిత వాదమునకు బలము చేకూర్చునది. ప్రశ్నను తొందరపాటున చదివినవారు దీనిని గుర్తింతురు. వాస్తవమునకు ఆ దశకమున జపాను ఉక్కు పరిశ్రమ త్వరితముగ పెరిగినది. కావున మంచి పాఠకుడు గిరాకి, సాధనము అను రెంటిని తూచి చూచును.

రికార్డో గారి లెక్క

విదేశ వ్యాపారముపై వచ్చు ప్రశ్నలలో కఠినమైనది ఇంకొకటి గలదు. అన్ని వస్తువులలోను వెనుకబడిన దేశము దేనినైన అమ్మగలదా? 1817లో ఆంగ్ల ఆర్థిక శాస్త్రజ్ఞుడు డేవిడ్ రికార్డో తన గ్రంథమున దీనికి సమాధానము చెప్పెను. ఆయన లెక్క యిది. ఒక సంవత్సరమునకు కొంత గుడ్డ నేయుటకు ఇంగ్లండులో 100 మంది, పోర్చుగల్‌లో 90 మంది కావలెను. కొంత ద్రాక్షసారాయము తీయుటకు ఇంగ్లండులో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది కావలెను. రెండు పనులలోను పోర్చుగల్‌దే పైచేయి. అయినను పోర్చుగల్ 80 మంది శ్రమతో సారాయము తీసి, దానికి బదులుగ గుడ్డను పుచ్చుకొన్నచో, తాను 90 మందిచే నేయింపవలసిన గుడ్డ 80 మంది శ్రమకే లభించును. ఇంగ్లండు 100 మంది శ్రమతో నేసిన గుడ్డనిచ్చి, 120 మంది శ్రమకు సరియగు సారాయమును పొందును. ఉభయులకును లాభమే.

దీనికి కూలిని జతచేసినచో ప్రశ్న మరింత చిక్కగును. ఈ భాగము మా లెక్క. పోర్చుగల్‌లో మనిషికి కూలి 90 రూపాయలనుకొందము. ఇంగ్లండులో 70 రూపాయలైనచో, ఇంగ్లండు గుడ్డకు 7,000, పోర్చుగల్ గుడ్డకు 8,100 రూపాయలగును. గుడ్డ ఇంగ్లండుదే చవుక. ఇంగ్లండు సారాయమునకు 8,400, పోర్చుగల్ సారాయమునకు 7,200. సారాయము పోర్చుగల్‌దే చవుక. రెండు దేశములును అమ్ముకొనగలవు. ఇంగ్లండు కూలి 85 రూపాయలైనచో గుడ్డకు 8,500 పడి, అదియు అమ్ముడుపోదు. 50 రూపాయలైనచో గుడ్డకు 5,000, సారాయమునకు 6,000 పడి, పోర్చుగల్‌కు అమ్ముటకేమియు మిగులదు. రెండు వైపులను వ్యాపారము సాగవలెనన్నచో ఇంగ్లండు కూలి 60 రూపాయలకు పైగ, 81 రూపాయలకు లోపుగ నుండవలెను.

దీనివలన తేలినదేమి? తక్కువ కూలి దానంతట అది బలము కాదు. చాలవరకు అది తక్కువ ఉత్పాదకతకు గుర్తు. ఉత్పాదకత పెరిగిన దేశమున కూలి పెరుగుటకు చోటు కలుగును, అంగడి పోదు. “కూలి తక్కువగల దేశము అన్ని సరకులలోను మనలను ఓడించును” అనునదియు, “ఉత్పాదకత తక్కువగల దేశము ఏమియు అమ్మజాలదు” అనునదియు రెండును తప్పే. అయితే ఈ లెక్కకు హద్దులు గలవు. నేతపని పోయినవాడు మరునాడే సారాయము తీయనేర్వడు. దేశమునకు లాభమైనను, ఒక ఊరికి, ఒక వృత్తికి నష్టము కలుగవచ్చును. గద్యభాగము “దేశము” అన్నప్పుడు “దేశములోని ప్రతివాడు” అని చదువరాదు.

మారకపు రేటు, సుంకము

కూలిగాని ఉత్పాదకతగాని మారకయే వ్యాపారము మారు సందర్భములు రెండు గలవు. మొదటిది మారకపు రేటు. 1966 జూను 6న మన ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించినది. అంతకుముందు డాలరుకు 4.76 రూపాయలు, పిదప 7.50 రూపాయలు. ఒక పనివానికి దినకూలి 7.50 రూపాయలే యుండినదనుకొనిన, ముందు అది 1.58 డాలర్లు, పిదప 1 డాలరు. అతని చేతికి ముట్టు రూపాయలు మారలేదు. విదేశపు కొనుగోలుదారునికి అతని శ్రమ చవుకయినది. దిగుమతి సరకు మాత్రము మనకు ప్రియమైనది. ప్రశ్నలో వేతనము ఏ నాణెములో చెప్పబడినదో మొదట చూడవలెను.

రెండవది సుంకము. మన కోస్తా జిల్లాలలోని చెరువులలో పెరిగిన రొయ్యలలో చాలభాగము విశాఖ రేవునుండి విదేశములకు పోవును. వానిని కొను దేశములలో అమెరికా ముఖ్యమైనది. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన దేశపు సరకులలో పెక్కింటిపై అదనపు సుంకమును మొదట 25 శాతమును, అదే నెల 27నుండి మొత్తము 50 శాతమును విధించినది. ఆ నెలలో మన రైతు చెరువు మారలేదు. శాలలో పనిచేయు స్త్రీల చేతివేగము తగ్గలేదు. వారి కూలి పెరుగలేదు. అయినను సరకు పోటీలో వెనుకబడు పరిస్థితి వచ్చినది. సుంకపు రేటులు నేడొకటి రేపొకటి కావచ్చును. మన పాఠము మాత్రము మారదు: అమ్మకము తగ్గినంతనే దోషము పనివానిపై మోపరాదు.

గుర్తుంచుకొనవలసిన ఉచ్చులు

1. కూలి రేటును, సరకుపై పడు కూలి ఖర్చును ఒక్కటిగ తలచుట.

2. రేటును, మొత్తమును కలపివేయుట. ఒక్కొక్కరు చేయు పని పెరిగినను, పనివారి సంఖ్య తగ్గినచో మొత్తము ఉత్పత్తి తగ్గవచ్చును.

3. “అన్ని”, “కేవలము”, “ఎల్లప్పుడు”, “ఎన్నటికిని” అను మాటలున్న సమాధానమును పరిశీలింపక గుర్తించుట. గద్యభాగము అంత గట్టిగ చెప్పినగాని అట్టి సమాధానము సరికాదు.

4. రెండు సంగతులు ఒకే కాలమున జరిగినందున ఒకటి రెండవదానికి కారణమని తలచుట.

5. సత్యమైన వాక్యమే సమాధానమని తలచుట. లోకమున సత్యమైనను, అడిగిన ప్రశ్నకు అది జవాబు కాకపోవచ్చును.

పంచాయతీ చేయదగినది

1960నాటి ప్రజా గ్రంథాలయముల చట్టము ప్రకారము మనము ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్నును వసూలు చేయుచున్నాము. కావున శాఖా గ్రంథాలయమున మన ప్రజలకు ఏమి లభించుచున్నదో విచారించుట మన విధి. వారమునకొక సాయంకాలము పరీక్షలకు చదువువారిని అక్కడ చేర్చుడు. ఒకరు వార్తాపత్రికలోని వ్యాపారవార్తను బిగ్గరగ చదువవలెను. తక్కినవారు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పవలెను: వ్రాసినవాని అభిప్రాయమేది? దానికి చూపిన ఆధారమేది? ఆ ఆధారమునకు మరియొక అర్థము కలదా? ఇందులకు వేరుగ ఖర్చు లేదు. ఉపాధ్యాయుడొకడు, పత్రికయొకటి, దీపమొకటి చాలును. సివిల్ సర్వీసుల పరీక్షలోని గద్యభాగములు ఇంగ్లీషు, హిందీలలోనే యుండును. విషయము ముందుగ తెలుగులో మనస్సునకు పట్టినచో, పరభాష అంతగ భయపెట్టదు.

సభ్యులును ఆ సాయంకాలము కూర్చుండుట మేలు. కూలి రేటుల మాట, క్రొత్త కర్మాగారమునకు స్థలము మాట, యంత్రము కొనుట మాట గ్రామసభలో వచ్చినప్పుడు ఆ అభ్యాసము అక్కరకు వచ్చును.

అభ్యాసము

1. ఒక శాలలో దినకూలి 500నుండి 550 రూపాయలైనది. మనిషికి వచ్చు సరకు 25నుండి 22 కిలోలకు తగ్గినది. కిలోకు కూలి ఖర్చు ఎంత శాతము పెరిగినది?

2. “ఉత్పాదకత పెరిగినది, కావున కూలీల వేతనములు పెరిగియుండును.” ఈ వాదములోని లోపమేది?

3. “మన ఉక్కు టన్నుకు పడు ఖర్చు పెరిగినది; కావున కార్మికుల పనితనము తగ్గినది.” ఈ వాదము నిలువవలెనన్నచో ఏ సంగతులు మారకుండ నుండవలెను?

సమాధానములు: మొదటిదానికి, కిలోకు 20 రూపాయలుండినది 25 అయినది; కూలి పెరిగినది 10 శాతమే యైనను ఖర్చు 25 శాతము పెరిగినది. రెండవదానికి, ఉత్పాదకత పెరిగినచో వేతనము పెంచుటకు వీలు కలుగును. కాని అది తనంతట పెరుగదు. ఆ లాభము యజమానికి మిగులవచ్చును, కొనువానికి ధర తగ్గవచ్చును, కూలీకి ముట్టవచ్చును. అది బేరములను, చట్టములను, సంఘబలమును బట్టి యుండును. మూడవదానికి, ఖనిజము ధర, బొగ్గు ధర, రవాణా, వడ్డీ, మారకపు రేటు, జీతములు, ఇవేవియు మారకుండ నుండవలెను. ఒక్కటి మారినను వాదము నిలువదు.

రెండవ సమాధానమును సభ్యులు మరియొకసారి చదువవలెనని మా కోరిక. పరీక్షలో దానికి రెండున్నర మార్కులు. గ్రామమున పెరిగిన సంపద ఎవరి చేతికి చేరుచున్నదని విచారించుట మాత్రము ప్రజలచే ఎన్నుకోబడిన సభ్యులు ప్రతి దినమును చేయవలసిన పని.